పదిహేడో నంబరు కాలు

జనవరి 19

ఇందుమూలంగా ఈ వర్క్‌షాపులో పనిచేయువారికి, చేయనివారికి, చేస్తున్నట్టు నటించువారికి యావన్మందికీ తెలియజేయడమేమనగా: నా బల్ల మీది స్టాప్లర్ నా అనుమతి లేనిదే అంగుళమైనా కదలరాదు. నిన్న అది రంపాల గదిలో అనాథగా పడి ఉండగా దొరికింది. కడుపులో పిన్ను లేదు. ఒంటి నిండా జిగురు. ఈ ఘాతుకానికి ఒడిగట్టినవారు మూడు రోజుల్లోగా లొంగిపోయిన యెడల శిక్ష తగ్గించబడును. లొంగని యెడల వారి టీలో ఉప్పు కలపబడును.

దీన్ని గోడకి అంటించాను. పది నిమిషాల తర్వాత చూస్తే కింద బావ చేతిరాత: “లొంగిపోయాను. ఉప్పు వద్దు. ఇట్లు, యజమాని.”

తర్వాత బావ నన్ను పిలిచి కూర్చోమన్నాడు. మా అక్కని చేసుకున్న పాపానికి ఇరవై ఆరేళ్లుగా నన్ను భరిస్తున్నాడు గానీ, కూర్చోబెట్టి మాట్లాడింది మూడు నాలుగు సార్లే.

బావ కాళ్లు చేస్తాడు, మోకాలి కింద పోయినవాళ్లకి. తను నడిచే ఎడమ కాలు కూడా తను చేసుకున్నదే. ఇప్పుడు పెద్ద పని వచ్చింది. సముద్రం దాటి, ఆపైన కొండలు కూడా దాటితే గానీ రాని ఒక ఊరికి అరవై రెండు కాళ్లు పంపాలి. మే 12 నుంచి 16 వరకూ అక్కడ క్యాంపు. కాళ్లు తొడిగి నడక నేర్పేవాళ్లు ఆ ఐదు రోజులే ఉంటారు. మళ్లీ ఏడాది దాకా రారు.

“మన సరుకు ఇంతవరకూ దేశం దాటలేదురా. ఎవరి చేత పంపాలో నువ్వు చూడు. నోరున్నవాడివి. కనీసం ముగ్గురి దగ్గరికి వెళ్లు. వాళ్ల చేత ఇదివరకు పంపించినవాళ్లకి ఫోన్ చేసి, సరుకు ఎలా చేరిందో కనుక్కో. ఆ తర్వాతే మాటివ్వు.”

“కాళ్లే కదా బావా. దారి చూపిస్తే అవే నడిచిపోతాయి.”

బావ నవ్వాడు. నవ్వుతూనే, “ముందు కనుక్కో” అన్నాడు.

తొమ్మిదో తరగతి తప్పిన నాకు విదేశీ రవాణా శాఖ దక్కింది. మా లెక్కల మాస్టారు బతికుంటే ఈ వార్తకే పోయేవాడు.

జనవరి 30

అక్కడి నర్సమ్మ కొలతలు పంపింది. పేర్లు లేవు, నంబర్లే. ప్రతి నంబరుకీ ఒక కాగితం. మంచి కాలిని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీస్తారు. ఆ గీత చూసి బావ రెండో పాదం చేస్తాడు.

పదిహేడో నంబరు ఏడేళ్ల ఆడపిల్ల. గీత మడమ దగ్గర బుద్ధిగా బయల్దేరి, అరికాలి ఒంపు దగ్గరికి రాగానే తుళ్లిపడి కాగితం అంచు దాకా పారిపోయింది. పక్కన నర్సమ్మ ఇంగ్లీషులో ఏదో రాసింది. అక్క చదివి చెప్పింది: “క్షమించాలి. చక్కిలిగింత. మూడుసార్లు ప్రయత్నించాను.”

అరవై రెండు కాగితాల్లోనూ నా పార్టీ మనిషి ఈ పిల్లొక్కతే.

బావ మాత్రం దాని కొలతకి అర వేలి మందం పొడవు ఎక్కువ కలిపాడు. “పెద్దవాళ్ల కాలు ఏడాది మూల పడేసినా మళ్లీ సరిపోతుందిరా. పిల్లలది అలా కాదు. మనం చేసేలోపే వాళ్లు పెరిగిపోతుంటారు. ఈ అర వేలు అయిపోయేలోపు అందాలి” అన్నాడు.

ఫిబ్రవరి 5

మొదటిది అద్దాల ఆఫీసు. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఆ ఏసీ చలికి నోట్లో జోకు గడ్డకట్టింది. నాలుగు పెట్టెలే అనగానే కౌంటర్ దగ్గరి అమ్మాయి, “మావాళ్లు ఫోన్ చేస్తారండీ” అంది. చెయ్యరు. ఒకటి కొట్టేశాం.

ఫిబ్రవరి 8

రెండో ఆఫీసు. ఒకే గది, అందులో ఒకే ఆవిడ, గోడ పొడుగునా ఫైళ్లు. మందపాటి కళ్లద్దాలు.

“ఏముంటుంది పెట్టెల్లో?”

“కాళ్లండీ. దారి చూపిస్తే అవే నడిచిపోతాయి.”

నవ్వలేదు. ఏ తారీఖుకి చేరాలి? ఓడ దిగాక ఎవరు తీసుకుంటారు? సరిహద్దులో కాగితాలు ఎవరి చేతిలో ఉంటాయి? కొండదారిలో లారీ ఎవరిది? పిల్లల కాళ్లేమైనా ఉన్నాయా? ఒకదాని వెనక ఒకటి.

“మేడం, నేను సరుకు పంపడానికొచ్చాను. పరీక్ష రాయడానికి కాదు.”

“పరీక్షే అనుకోండి” అని నాలుగు పేజీల ఫారం నా ముందు పెట్టింది. కళ్లజోడు మర్చిపోయానన్నాను. ఆవిడ తన కళ్లద్దాలు తీసి, గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చింది. పెట్టుకున్నాను. ప్రతి అక్షరం చీమంత స్పష్టంగా కనబడింది.

బావని అడిగి నింపుకొస్తానని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. విమానం గురించి కూడా ఏదో అంది. ఇలాంటివాళ్లు అవసరం లేనివన్నీ అంటగడతారు. నవ్వడం రాని మనిషి చేతిలో సరుకు పెట్టకూడదు. రెండు కొట్టేశాం.

ఫిబ్రవరి 11

మనిషంటే ఈ మూడోవాడు! కాళ్ల జోకు చెప్పాను. బల్ల చరిచి, కళ్లు తుడుచుకుని, పక్క గదిలోవాళ్లని పిలిచి మళ్లీ చెప్పించుకున్నాడు. నన్ను ‘గురువుగారూ’ అన్నాడు. “మీ కాళ్లకి నేను రెక్కలు కడతాను గురువుగారూ. ఏప్రిల్ ఇరవై ఐదుకల్లా అక్కడ ఉంటాయి.”

“ఓడ దిగాక?”

“అక్కడంతా మనవాళ్లే.”

“ఫారం?”

“ఫారాలు మీలాంటి పెద్దవాళ్లు నింపేవా? మావాళ్లు చూసుకుంటారు.”

అదీ మర్యాదంటే. పాత ఖాతాదారు నంబరు అడిగితే తన కార్డు వెనక టకటకా రాసిచ్చాడు.

ఫిబ్రవరి 12

బావ: “కనుక్కున్నావా?”

నేను: “రేపు.”

ఫిబ్రవరి 14

ఫోన్ చేశాను. టైల్స్ వ్యాపారం చేసే ఆవిడ ఎత్తింది. కంచు గొంతు. వెనకాల చిలక ఒకటి. ఎవరు ఫోన్లో మాట్లాడినా దానికి ఒళ్లు మంటట. “పెట్టెయ్! పెట్టెయ్!” అని ఒకటే అరుపు. “నోర్ముయ్యవే” అని దాన్ని కసిరి, నాతో అంది: “మూడుసార్లు ఆయన చేతే పంపించానండీ. ఒక్క టైలు పగల్లేదు. చెప్పిన రోజుకి రెండ్రోజుల ముందే చేరింది.” ఇంకా అడుగుదామంటే చిలక ఊరుకోలేదు. పెట్టేశాను.

బావకి చెప్పాను. చిలక అరుపు చేసి చూపిస్తే అంత నెమ్మదస్తుడూ పగలబడి నవ్వాడు. అక్కని పిలిచి ఆవిడ ముందు మళ్లీ చేయించాడు.

“సరే. నువ్వు కనుక్కున్నావు కదా. అతనికే ఇద్దాం” అన్నాడు.

ఫిబ్రవరి 27

ఇంట్లో ఎవరికి ఫోనొచ్చినా అందరూ “పెట్టెయ్! పెట్టెయ్!” అంటున్నారు. అక్క కూడా.

మార్చి 20

నాలుగు పెట్టెలూ వెళ్లాయి. పదిహేడో నంబరు కాలు అన్నిటికన్నా పైన పెట్టాడు బావ, పెట్టె తెరవగానే కనబడాలని. అది మూరెడు కూడా లేదు. దాని మడమ మీద, చెప్పులో దాగిపోయే చోట, పెన్సిలుతో నేనొకటి రాశాను: ‘జాగ్రత్త. చక్కిలిగింత కలదు.’ అక్క చేత నర్సమ్మ భాషలో రాయించుకుని, చూసి దించాను. అక్షరాలు వంకరపోయాయి. పర్వాలేదు, దాని గీతా వంకరే.

లారీ మలుపు తిరిగేదాకా బావ గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఏప్రిల్ 10

‘రెక్కలు కడుతున్నాం గురువుగారూ’ అన్నాడు ఏజెంటు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్ 26

ఎత్తలేదు.

ఏప్రిల్ 27

ఎత్తలేదు.

ఏప్రిల్ 30

ఆఫీసుకే వెళ్లాను. ఈసారి జోకు నేను చెప్పలేదు, అతను నవ్వలేదు. గట్టిగా అడిగితే బయటపెట్టాడు. మన పెట్టెలు విడిగా వెళ్లలేదు. పదిమంది సరుకు కలిపి ఒకే కంటైనర్లో వేశాడు. అది నిండేదాకా రేవులో మూడు వారాలు ఆపాడు. దారిలో ఇంకో రేవులో ఓడ మార్చేటప్పుడు, పక్కవాడి సరుకుకీ కాగితాలకీ పొంతన లేదని అక్కడి అధికార్లు కంటైనర్ మొత్తం ఆపేశారు.

“మావి తీసి పంపించు.”

“మీవి అడుగున ఉన్నాయండి.”

గురువుగారూ అనడం మానేశాడు.

“అక్కడంతా మీవాళ్లే అన్నావు కదా?”

“ఆ రేవులో కాదండి.”

మే 3

బావకి చెప్పాను. పదిమంది సరుకు కలుపుతానని అతను నాకు చెప్పలేదన్నాను. అది నిజమే. నేను అడగలేదనేది కూడా నిజమే. రెండో నిజం చెప్పలేదు.

మే 12

ఈ రోజు క్యాంపు మొదలైంది.

మే 13

నర్సమ్మ ఫోన్ చేసింది. అక్క మాట్లాడుతూ ఒక్కో ముక్కా మాకు చెప్పింది. ఈసారి ఎవరూ “పెట్టెయ్” అనలేదు.

నిన్న నలభై మందికి పైగా వచ్చారు. కాళ్లు రాలేదని ముందే కబురు పెట్టినా అందనివాళ్లు. కొందరు కర్రల మీద రెండు రోజులు నడిచారు. వచ్చి ఖాళీ గది చూసి, వరసగా గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఇవాళ వస్తాయేమోనని రాత్రి అక్కడే పడుకున్నారు. నడక నేర్పేవాళ్లు ఏం చేయాలో తోచక పాత కర్రలకి కొత్త రబ్బర్లు తొడుగుతున్నారు.

పదిహేడో నంబరు పిల్లని వాళ్ల నాన్న వీపు మీద మోసుకొచ్చాడు. ఆ పిల్ల కొత్త చెప్పుల జత తెచ్చుకుందట. ఒకటి వేసుకుంది. రెండోది చేతిలో పట్టుకుంది.

అక్క ఆ మాట చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

బావ తన కాలు విప్పి బల్ల మీద పెట్టాడు. పగటిపూట, నలుగురిలో, ఆయన అలా విప్పగా నేనెప్పుడూ చూడలేదు. నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఆయనే ముందన్నాడు:

“నువ్వేం చేస్తావురా. కనుక్కోవలసింది కనుక్కున్నావు.”

మే 16

క్యాంపు అయిపోయింది. తేలు కుట్టిన దొంగకి ఏడవడానికి కూడా హక్కుండదు.

మే 20

బావ పని ఆపి అడిగాడు: “టైల్స్ ఆవిడ సరుకు మూడుసార్లు అంత చక్కగా ఎలా వెళ్లిందిరా?”

“ఆవిడది కంటైనర్ నిండా సరుకు బావా. వేరేవాళ్లతో కలిపే పనుండదు.”

“ఓహో. అదీ సంగతి.”

నాలుక ఎంత చక్కగా తిరిగిందో. దానికి చదువు అక్కర్లేదు.

జూన్ 2

కళ్లద్దాల మేడం దగ్గరికి వెళ్లాను. నాలుగు మడతలు పడిన పాత ఫారం బల్ల మీద పెట్టాను. అంతా చెప్పాను. అంతా అంటే, చెప్పగలిగినంత.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు ఫోన్లు చేసి, కంటైనర్ నంబరు కనుక్కుని, ఎవరికి ఏ కాగితం పంపాలో ఒక జాబితా రాసింది. తర్వాత అడిగింది: “ఆ పిల్ల కాలు కూడా అందులోనే ఉందా?”

తలూపాను.

“విడిగా విమానంలో పంపమన్నాను కదండీ. మిగతావి ఆలస్యమైనా తొడుక్కోవచ్చు, పిల్లలది ఆగదన్నాను. నా మనవరాలికి ఏటా రెండుసార్లు బూట్లు కొంటాను నేను.”

అన్నది. ఫిబ్రవరి 8న అన్నది. ‘ఏదో అంది’ అని రాసుకున్నాను నేను. వెనక్కి తిప్పి చూశాను ఇప్పుడే. ఏదో అందట!

అప్పుడు నా చెవులు ఎక్కడున్నాయంటే, ఆ ఫారం మీద. ఆవిడ కళ్లద్దాల్లోంచి ప్రతి ఇంగ్లీషు అక్షరం కనబడింది, ఒక్క ముక్క అర్థం కాలేదు. యాభై రెండేళ్ల మనిషిని, అది ఆవిడ కనిపెట్టేస్తుందేమోనన్న భయంతో చెమటలు పట్టి, ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్నాను.

ఈ రోజు ఆవిడ ఫారం తన వైపు తిప్పుకుంది. “మీరు చెప్పండి. నేను రాస్తాను” అంది. పావుగంట కూడా పట్టలేదు.

జూలై 11

కంటైనర్ విడిపించారు. మేడం ఓడ దిగే రేవులో ఒక మనిషిని పెట్టింది, సరిహద్దులో మరో మనిషిని. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, పెట్టెలు ఎక్కడున్నాయో రెండు ముక్కల్లో చెబుతుంది. ఆవిడ నవ్వగా ఇంతవరకూ వినలేదు. ఆ రెండు ముక్కల కోసం బావా నేనూ టీ చల్లారబెట్టుకుని కూర్చుంటున్నాం.

జూలై 22

చేరాయి.

ఆగస్టు 4

నర్సమ్మ ఉత్తరం. అక్క చదివింది.

అరవై ఒక్కరికి సరిపోయాయి. నేర్పేవాళ్లు లేరు గనక, ముందు నేర్చుకున్నవాళ్లు తర్వాతివాళ్లకి నేర్పుతున్నారట. ఇద్దరు ముగ్గురు పడ్డారు. దెబ్బలు తగిలాయి, లేచారు.

పదిహేడో నంబరు కాలు ఒక వేలు పొట్టి. మోకాలి కింద దూరే పై తొడుగు కూడా ఇరుకైపోయి ఎక్కలేదు. నొప్పి పుట్టినా చెప్పకుండా, ఆ పిల్ల పళ్లు బిగించి తోసుకోబోతే నర్సమ్మే ఆపింది. పిల్ల మడమ మీద రాత చూసి, ఇదేమిటని అడిగిందట. చదివి చెప్పారు. కాలు తిరిగిచ్చేసిందట.

కొత్త కొలత కాగితం కూడా వచ్చింది. దాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పాదం పెరిగింది. గీత మడమ దగ్గర మొదలై, అరికాలి ఒంపు మీదుగా, వేళ్ల చుట్టూ తిరిగి, బుద్ధిగా మళ్లీ మడమ దగ్గరికే వచ్చింది. ఎక్కడా తుళ్లలేదు.

ఆగస్టు 8

బావ నాలుగు రోజుల్లో కొత్త కాలు చేశాడు. వేరే పని ముట్టలేదు. ఈసారి ముప్పావు వేలు కలిపాడు. మేడం విమానంలో పంపుతోంది. నర్సమ్మ స్వయంగా వెళ్లి తీసుకుంటుంది. వారంలో అందుతుంది.

మడమ మీద ఏమైనా రాస్తావా అని బావ అడిగాడు. వద్దన్నాను.

ఆగస్టు 9

పొద్దున టీ తాగుతూ బావ అన్నాడు: “ఒరేయ్, ఆ టైల్స్ ఆవిడ నంబరివ్వు.”

“ఎందుకు బావా?”

“పాపం ఆవిడ ఇంకా అతన్నే నమ్ముకుని ఉంటుంది. ఏదో ఒకరోజు ఆవిడ సరుకూ ఇలాగే ఇరుక్కుంటుంది. మనకి మంచి జరుగుతుందనే చెప్పింది కదా, మనం కూడా ఒక మాట చెప్పి పెట్టాలి. అలా చూస్తావేంటి? ఆవిణ్ణి తిట్టడానికి కాదురా. చిలక మాటా ఓసారి వినొచ్చు.”

కార్డు వెతికి తెస్తానని నా గదిలోకి వచ్చాను. వెతకక్కర్లేదు. ఫిబ్రవరి నుంచీ ఈ డైరీ అట్టలోనే ఉంది. వెనక నంబరు కూడా చెక్కుచెదరలేదు.

తలుపు వేసుకుని ఫోన్ చేశాను. ముసలి మగగొంతు ఎత్తింది. వెనకాల కుట్టుమిషను చప్పుడు. ఫలానా ఏజెంటు చేత మీరు సరుకు పంపారట కదా అన్నాను.

“నేను బట్టలు కుట్టేవాణ్ణి బాబూ. వీధి చివరికి కూడా ఏదీ పంపను. ఆ మనిషెవరో నాకు తెలీదు. నెలకొకరు ఇలాగే ఫోన్ చేస్తారు. ఇదే మాట చెబుతాను. ‘బతికించారు’ అని ఠక్కున పెట్టేస్తారు.”

ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.

“మీరేంటి బాబూ, పెట్టెయ్యరు?” అన్నాడు.

మొత్తం కలిపి నిమిషం కూడా కాలేదు. ఫిబ్రవరి 14న నా దగ్గర రోజంతా ఉంది. ఫోన్ ఛార్జింగులో, చేతికి అందేంత దూరంలోనే ఉంది. నవ్వేవాణ్ణి వదిలేసి మళ్లీ ఆ ఫారం ముందుకు వెళ్లవలసి వస్తుందేమోనని ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే పెన్ను తీసి, ఫోన్ చేశాను అని రాశాను. ముందు ఇక్కడ రాసుకుని, రెండుసార్లు చదువుకుని, అప్పుడు వెళ్లి బావకి చెప్పాను. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం ఎందుకు రాశానో ఇన్నాళ్లూ నాకే తెలీదు. బావ ముందు తడబడకుండా ఉండటానికి.

పక్క గదిలోంచి బావ కేకేస్తున్నాడు. “దొరికిందారా? నేనే వస్తున్నానుండు.” అడుగుల చప్పుడు వినబడుతోంది, ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా. ఈసారి లేచి ఎదురు వెళ్లను. డైరీ మూయను. ఈ పేజీయే తిప్పి ఆయన చేతికిస్తాను.

బావా, టైల్స్ ఆవిడ లేదు. మూడుసార్లు పంపడం లేదు, రెండు రోజుల ముందు చేరడం లేదు. నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు. మనమంతా అంత నవ్వుకున్నామే, ఆ చిలక కూడా లేదు.